గొంతు దురద పెట్టిన బడి కంద

కొత్తగా మా ఉద్యాన శాఖలో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరై మార్కాపురంలో ఊరికే కూర్చున్నానని వాళ్ళకు తెలుసు. ఏ తెగులుకు ఏ మందు కొట్టాలి, ఏ కాలంలో ఏ విత్తనం వెయ్యాలి అని అడుగుతారు. అవన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. నేను మాత్రం వాళ్ళను ఎదురు ఒకటే అడుగుతాను: "మీరిచ్చిన మొక్కకు కాసినదాన్ని ఆ ఇంట్లో ఎలా వండారో ఎప్పుడైనా కూర్చుని చూశారా?" చూశానన్నవాడు ఇంతవరకు తగల్లేదు. వాళ్ళను అని లాభం లేదు, నేనూ ఉద్యోగంలో చాలా ఏళ్ళు చూడలేదు. చూడక తప్పని రోజు ఒకటి వచ్చింది. దానికి కారణం కందగడ్డ.

ఉద్యోగం చివరి ఏళ్ళలో నన్ను గిద్దలూరు వైపు వేశారు. బడుల్లో కూరగాయల తోటలు పెంచాలి, అందులో పండింది పిల్లల మధ్యాహ్న భోజనంలోకి పోవాలి. చెప్పుకోవడానికి చాలా బాగుండే పని. రాచర్ల మండలంలో ఒక చిన్న ఊరి బడి నా కింద ఉండేది. దాని ప్రహరీ సగం కట్టి ఆపేశారు. కట్టని సగంలోంచి ఊళ్ళో గొర్రెలూ మేకలూ దర్జాగా వచ్చిపోయేవి. మేము వేసిన బెండ, వంగ, గోంగూర అన్నీ వాటి పాలే. మునగ కొమ్మ నాటితే దాని బెరడు కూడా మిగల్లేదు.

అక్కడి హెడ్మాష్టరు ఒంగోలు వైపు మనిషి, ఉత్సాహం గలవాడు. మేకలతో గెలవలేక ఆయన కూడా నీరసపడ్డాడు. "సార్, మేక తినని కూరగాయ ఏదన్నా ఉంటే చెప్పండి. లేకపోతే ఈ తోట ఫొటోలకే పనికొస్తుంది" అన్నాడు ఒకరోజు.

మేక తినని కూరగాయ నాకొకటి తెలుసు. కంద ఆకును మేక ఒకసారి నోట పెట్టిందంటే రెండోసారి ఆ ఛాయలకు రాదు. నోరంతా దురద. కాకపోతే ఈ వైపు కందను ఎరిగినవాళ్ళు తక్కువ. గడ్డ అంటే ఉల్లిపాయను పిలిచే ఎర్రగడ్డ, బంగాళాదుంపను పిలిచే ఉర్లగడ్డ, ఎప్పుడైనా చేమగడ్డ, అంతటితో సరి. మా ఆవిడది గుంటూరు వైపు. కంద లేకపోతే అదేం పెళ్ళి భోజనం అనే ఊరు. ఈసారి పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు విత్తనం గడ్డలు తెమ్మన్నాను. బట్టల సంచి తగ్గించుకుని, నన్ను తిట్టుకుంటూ తెచ్చింది.

గడ్డను మొలక ఉన్న ముక్కలుగా కోసి, పేడ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, తొలి వానలకు నాటించాను. పిల్లలు కంచాలు కడుక్కున్న నీళ్ళు పారే చోట వరసగా గుంతలు తీయించాను. ఆ గుంతల బాధ్యత అడక్కుండానే నెత్తిన వేసుకున్నది బడిలో వంట చేసే ఆమె. ఊళ్ళో అందరికీ వంటమ్మ. గొర్రెలు కాసే కుటుంబం. తన దొడ్లోని గొర్రెల ఎరువు గంపలతో మోసుకొచ్చి గుంతలు నింపింది.

ఆమె సంగతి కొంచెం చెప్పాలి. మొగుడు మందతో ఏడాదిలో సగం రోజులు అడవి అంచున ఉంటాడు, మిగతా సగం పరాయి పొలాల్లో. ఈ వంట పని రాకముందు ఆమె ఏటా చలికాలం చివర గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోయేది. కూతుర్ని వెంటబెట్టుకుని పోయేది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల నేర్చుకున్న అక్షరాలు సగం మరిచిపోయి ఉండేది. వంట పని దొరికాక ఆ తిరుగుడు ఆగింది. పిల్ల ఆగకుండా చదివి అయిదో తరగతికి వచ్చింది. ఆమెకు ఆ పని అంటే ఏమిటో నాకు అప్పట్లో ఇంత వివరంగా తెలియదు. గరిటె గట్టిగా పట్టుకునే మనిషి అని మాత్రం అనుకున్నాను.

కంద మొలవడానికి తీరిక తీసుకుంటుంది. అందరూ దాని మీద ఆశ వదులుకున్నాక ఒకటే కాడ, మచ్చలు మచ్చలుగా, పైకి లేచింది. వంటమ్మ నాకు ఫోన్ చేసింది.

"ఏంది సార్ ఇది? పాము లేసి నిలబడినట్టుంది. పిల్లోళ్ళు కంచాలు కడగను పొమ్మంటే పోవటల్లేదు."

"దాని కాడ అట్లాగే ఉంటుందమ్మా. పైన గొడుగు విప్పుతుంది చూడు."

విప్పింది. మేకలు వచ్చి, వాసన చూసి, మర్యాదగా వెనక్కి పోయాయి. హెడ్మాష్టరు ఆ రోజు పొందిన ఆనందం నేను మరిచిపోలేను. నాలుగు ఊళ్ళ మాష్టర్లకు ఫొటోలు పంపాడు. చలి ముదిరాక ఆయనే దిగులుగా ఫోన్ చేసి, మీ తోట మొత్తం పండిపోయి పడిపోయింది, తెగులు కాబోలు, పీకించేస్తున్నా అన్నాడు. తెగులు కాదు సార్, గడ్డ ఊరింది, ఇక తవ్వుకోమని దాని భాష అన్నాను. తవ్వితే ఒక్కొక్కటి పొట్టేలు తలకాయంత. ఒకదాన్ని నాకు ఇచ్చారు. మా ఆవిడ పులుసు పెట్టింది. రెండు పూటలా అదే తిన్నాను.

వంటమ్మకు ఎలా వండాలో చెప్పే వచ్చాను. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకో, చెక్కు మందంగా తియ్యి, బాగా ఉడికించి చింతపండు పులుసు పొయ్యి అన్నాను. ఆమె మళ్ళీ ఒప్పజెప్పింది కూడా. నా పని అయిపోయిందనుకున్నాను.

సాంబారులో ఆ కంద వేసిన రోజు మధ్యాహ్నం హెడ్మాష్టరు ఫోన్. "సార్, మీరు వెంటనే రండి. పిల్లలు గొంతులు పట్టుకుని ఏడుస్తున్నారు."

బండి మీద ఎలా పోయానో నాకు తెలియదు. ఒట్టి దురదే, ప్రాణభయం లేదని నా చదువు చెబుతోంది. అయినా బండి వేగం తగ్గించలేకపోయాను. నేను చేరేసరికి ఎవరో మజ్జిగ తాగించారు, బెల్లం పెట్టారు, ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూశాడు. దురద తగ్గిపోయింది. పిల్లలు ఆడుకుంటున్నారు కూడా. ఏడుపు మానింది పిల్లలే. వాకిట్లో పెద్దవాళ్ళ గోల అప్పుడే అందుకుంది.

అందరికంటే ముందు నిలబడింది తల్లిదండ్రుల కమిటీ చైర్మన్. ఊరంతా చైర్మనక్క అంటారు. తరతరాలుగా సేద్యం చేసే కుటుంబం. నోరు పెద్దది గాని చెడ్డ మనిషి కాదు. ఊళ్ళో ఎవరికి ఒళ్ళు బాగాలేకపోయినా ముందు ఆటో మాట్లాడేది ఆమే. ఆ రోజు గొంతు పట్టుకుని ఏడ్చినవాళ్ళలో రెండో తరగతి చదివే ఆమె కొడుకు ఉన్నాడు.

"గడ్డ నాటించింది మీరేనా సార్?"

"నేనేనమ్మా."

"అది తినేదా, తినగూడనిదా? ఒక మాట చెప్పండి."

"తినేదేనమ్మా. ఇదే తోటలోది మా ఇంట్లో వండుకుని తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు."

ఆ మాట ఎటు పోతుందో, నోట్లోంచి బయటపడ్డాకే తెలిసింది.

"అట్లయితే గడ్డ మంచిదే. వండేది రాని ఆమెదే తప్పు. ఇంకేంది మాట్లాడేది? వచ్చే వారం కమిటీ పెడదాం. ఇంకొకరిని చూసుకుందాం."

నలుగురూ సరేనన్నారు. నా పరిస్థితి చూడండి. గడ్డ మంచిదంటే వంటమ్మ పోతుంది. గడ్డ చెడ్డదంటే తోట పోతుంది, నేను అబద్ధాలకోరునవుతాను. ఉద్యోగంలో నోరు మూసుకుని గట్టెక్కిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఇక్కడ నోరు మూసుకున్నా ఆమె పనే పోతుంది.

అందరూ వెళ్ళాక వంటగది గుమ్మం దగ్గర ఆమెను కలిశాను. గిన్నెలు తోముతోంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను గాని ఏడవలేదు. గిన్నెల మీద మాత్రం కోపం చూపిస్తోంది.

"మిరప కోతల మేస్త్రీ నిన్న కూడా వచ్చిపోయినాడు సార్. రానని చెప్పినా. ఈ పని పోతే ఆయన లారీనే దిక్కు. నా బిడ్డ చదువు మళ్ళా మొదటికే వస్తాది."

"మీ పాప కూడా తిన్నదా?"

"నా బిడ్డకే మొదట పెట్టినా. అందరికంటే ఎక్కువ ఏడ్చింది అదే."

"మరి వాకిట్లో ఆ మాట అనలేదేం?"

ఆమె గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసింది. "అంటే అయ్యో పాపం అంటారు సార్. అయ్యో పాపం అని ఉంచుకున్న పని ఎన్నాళ్ళు ఉంటాది? రేపు అన్నం మాడితే మళ్ళా పొమ్మంటారు. మీరు చెప్పినట్టే వండినా నేను. పొయ్యి మీద ఎంతసేపు పెట్టినా దానికి మెత్తన రాలేదు. పిల్లోళ్ళకు అన్నం టైమయింది, ఉడికిందిలే అని దించినా. ఎందుకు ఉడకలేదో అది తేలాల."

మనిషి మీద గౌరవం కలగడానికి నాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది. మరునాడు వస్తానన్నాను.

వచ్చాను. హెడ్మాష్టరుకు మాటిచ్చాం: పిల్లలకు పెట్టేది మామూలు పప్పన్నమే, కంద విడిగా ఒక చిన్న గిన్నెలో, మా ఇద్దరి కోసం. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. ఒక కూర మొదటి నుంచి చివరి దాకా ఎలా ఉడుకుతుందో నా ఉద్యోగంలో నేను చూడడం అదే మొదలు. ఆమె చేతులకు నూనె రాసుకుంది. చెక్కు మందంగా తీసింది. ముక్కలు కడిగి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

నీళ్ళు కళపెళ మరుగుతున్నాయి. ముక్క తీసి నొక్కితే పైపైన లొంగింది, లోపల చెక్క. ఇంకాసేపు చూశాం. అంతే. నేను మా ఆవిడకు ఫోన్ చేశాను.

"ఇంకా ఉడకలేదా? నాకు అన్నం వార్చేలోపే ఉడికిందే! ఏం గడ్డండీ అది?" అంది.

"అదే గడ్డ."

"అయితే మీరు పక్కన కూర్చోవడం వల్లేమో. లేచి ఇవతలికి రండి."

ఫోన్ పెట్టేశాను. పక్క పొయ్యి మీద కందిపప్పు ఎప్పుడో మెత్తగా ఉడికిపోయింది. దాని వంక చూసి, ఏదో ఒకటి అనాలని అన్నాను.

"పప్పు ఇంత బాగా ఉడికింది. దీనికేం రోగం?"

"పప్పుకు పప్పు నీళ్ళు పోసినా గద సార్" అంది ఆమె మామూలుగా. అని, గరిటె అట్లాగే పట్టుకుని ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఈ సంగతి బయటి ఊళ్ళవాళ్ళకు చెప్పాలి. మా వైపు లోతు బోర్లలో పడే నీళ్ళు ఉప్పగా, బరువుగా ఉంటాయి. వాటిలో పప్పు ఉడకదు, రోజంతా మంట పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకని ప్రతి ఊళ్ళో పప్పు ఉడికే బావి ఒకటి వెతికి పెట్టుకుంటారు. దాని నీళ్ళు పప్పు నీళ్ళు. ప్రతి ఇంట్లో వాటికి ఒక బిందె వేరే ఉంటుంది. పప్పుకు తప్ప ఇంకో పనికి వాడితే అత్తలు ఊరుకోరు. అన్నానికీ కూరలకూ బోరు నీళ్ళే. వంకాయ, బీరకాయ ఏ నీళ్ళలోనైనా ఉడుకుతాయి కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. కంద కూరగాయ కాబట్టి ఆమె బోరు నీళ్ళు పోసింది. ఊళ్ళో ఏ ఇల్లాలు వండినా అదే పోసేది. నేను మార్కాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి, మా అమ్మ పప్పు బిందె ముట్టుకుంటే దెబ్బలు తిన్నవాణ్ణి. నాకూ తోచలేదు. మా ఆవిడ ఈ బాధ పడలేక, ఊళ్ళో డబ్బా నీళ్ళు అమ్మడం మొదలైనప్పటి నుంచి వంటంతా వాటితోనే చేస్తుంది.

"కూరగాయకు పప్పు నీళ్ళేంది సార్, ఎవరన్నా వింటే నవ్వుతారు" అంటూనే ఆమె గిన్నె కడిగింది. కొత్త ముక్కలు వేసింది. బిందె అడుగున మిగిలిన పప్పు నీళ్ళు పోసింది. కాసేపటికి గరిటె కాడతో ఒక ముక్కను తాకితే అది రెండుగా విడిపోయింది. ఆమె నవ్వలేదు. పులుసు పెట్టి, ముందు తను తిని, నాకు పెట్టింది. ఇద్దరం గొంతులు సవరించుకుంటూ కాసేపు కూర్చున్నాం. ఏమీ కాలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. మేమిద్దరం చెబితే ఊరు నమ్మదు. బడి మొత్తానికి వండి చూపించాలి. దానికి ఒక బిందె చాలదు. ఊరి పప్పు బావి వాగు ఒడ్డున ఉంది. అది చైర్మనక్కవాళ్ళ పొలంలోది. నీళ్ళు తక్కువ కాబట్టి ఎవరికైనా రోజుకు ఒక్క బిందె అని ఆ ఇంటివాళ్ళ కట్టుబాటు.

నేను అడుగుతానన్నాను. "మీరడిగితే సారొచ్చినాడని ఇస్తారు. నేనే అడుగుతా" అంది వంటమ్మ. నేను ఊరికే వెంట నడిచాను. చైర్మనక్క వాకిట్లో శనగలు చెరుగుతోంది.

"అక్కా, రేపు పప్పు నీళ్ళు ఎక్కువ కావాల. మళ్ళా ఆ గడ్డే వండతా. బోరు నీళ్ళకు ఉడకలేదది. పప్పు నీళ్ళకు ఉడికింది, తినిచూసినా."

"ఏమ్మే, మా బాయి నీళ్ళతోనే మమ్మల్ని ఒప్పిస్తావా?"

"వేరే బాయి యాడుందక్కా ఊళ్ళో?"

చైర్మనక్క చేట దించింది. నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో నాకు తెలియలేదు. "తోడుకపో. ఎన్ని బిందెలు కావాలో అన్ని తోడుకపో. రేపు మళ్ళా దురద పెట్టిందనుకో, బాయి కాడికి కూడా రానీయను నిన్ను. చెప్తాండా."

"పెట్టదు అక్కా."

"ఇంకోటి. పిల్లోళ్ళకు పెట్టేముందు నేను తింటా. నా కొడుకు గొంతుతో పరీక్షలొద్దు."

మరునాడు బడి వాకిట్లో ఊరు సగం ఉంది. హెడ్మాష్టరు కుర్చీలు వేయించాడు, ఎవరూ కూర్చోలేదు. ముందుజాగ్రత్తకు ఎవరో పెద్ద తపేలా నిండా మజ్జిగ తెచ్చి ఎదురుగా పెట్టారు. నేను దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. వంటమ్మ కూతురు మిగతా పిల్లలతో వరసలో కూర్చుని ఉంది. తల్లి వైపు చూడడం లేదు. వాళ్ళ ఇంట్లో మూటలు కట్టి పెట్టారని, పని పోతే ఆ సాయంత్రమే లారీ ఎక్కుతారని హెడ్మాష్టరు నా చెవిలో చెప్పాడు.

వంటమ్మ గిన్నె తెచ్చింది. చైర్మనక్క నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, కంచం ముందుకు తోసింది. వంటమ్మ అన్నం పెట్టి, కంద పులుసు పోసింది. చైర్మనక్క ఒక ముక్కను వేళ్ళతో చిదిమి చూసింది. అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

వాకిలంతా ఆమె గొంతు వంకే చూస్తోంది. నేనైతే ఆమె చెయ్యి గొంతు మీదికి పోతుందేమోనని చూస్తున్నాను. ఎవరో దగ్గితే అందరూ అటు తిరిగి మళ్ళీ ఇటు తిరిగారు. ఆమె తొందరపడలేదు. రెండో ముద్ద తిన్నది. మూడోది తిన్నది. కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుని, అటూ ఇటూ చూసింది. వంటమ్మ గరిటె పట్టుకుని ఆమె ముందే నిలబడి ఉంది.

"ఉప్పు సాల్లేదు" అంది చైర్మనక్క.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. వెనక ఒక ముసలాయన గట్టిగా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఈ మూడు రోజులూ కంట తడి పెట్టని వంటమ్మ, ఉప్పు మాట వినగానే గరిటె చేతిలో పట్టుకునే వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. కూతురు వరసలోంచి లేచి పరుగెత్తుకొచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"ఏందమ్మే, ఉప్పు అడిగితే ఏడుస్తావేంది? పోయి ఉప్పు తే. పిల్లోళ్ళు ఆకలికి ఉన్నారు" అంది చైర్మనక్క. అని, కొడుకును కేకేసి పిలిచి, తన పక్కన కూర్చోబెట్టుకుని, తన కంచంలోదే ఒక ముద్ద వాడి నోట్లో పెట్టింది.